కోడి, కుంపటి, హోం థియేటర్

తన కోడి కూయకపోతే, తన కుంపటి రాజుకోకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మను మనవాళ్లు తరతరాలుగా ఎగతాళి చేస్తూనే ఉన్నారు. ఇది అన్యాయం. ఆవిడ చేసిన పొరపాటల్లా సరైన కోడిని పెంచకపోవడమే. ఇప్పుడు కోడి ఉచితంగా దొరుకుతోంది. ఎక్స్‌బాక్స్ అనే ఆటపెట్టె కోసం పుట్టి, ఎక్స్‌బీఎంసీగా పెరిగి, 2014లో "కోడి" అని పేరు మార్చుకున్న, సినిమాలాడించే సాఫ్ట్‌వేర్ అది. దాన్నొక కంప్యూటర్లోకి ఎక్కించి హాల్లో టీవీకి తగిలించండి. ఆ రోజు నుంచి మీరు రానిదే ఆ ఇంట్లో సినిమా మొదలు కాదు.

వెనకటికి పెద్దరికం ఇనప్పెట్టె తాళంచెవితో వచ్చేది. ఇప్పుడు టీవీకి బొమ్మనీ, చప్పుడునీ మోసే హెచ్‌డీఎంఐ వైరుతో వస్తోంది. అది ఎలా చేజిక్కించుకోవాలో, ఏయే పొరపాట్ల వల్ల చేజారిపోతుందో, ఇళ్లల్లో కంప్యూటరు పని తెలిసిన కొడుకుల, కోడళ్ల, అల్లుళ్ల మేలు కోరి ఇక్కడ వివరిస్తున్నాం.

ముందు కుంపటి సంగతి. అటక మీది పాత డెస్క్‌టాప్‌ను దించండి. ఊరికే కూర్చున్నా 60 వాట్లు తాగే రకమైతే శ్రేష్ఠం. రోజల్లా ఆన్‌లో వదిలేస్తే 1.44 యూనిట్లు, నెలకు 43. పాత ప్రాసెసర్లలో 10 బిట్ హెచ్‌ఈవీసీ అనే పద్ధతిలో కుదించిన వీడియోను విప్పే ప్రత్యేక భాగం ఉండదు కాబట్టి బరువంతా సీపీయూ మీదే పడుతుంది. టైటిల్స్ పూర్తయ్యేలోపే ఫ్యాను అందుకుంటుంది. దాన్ని షోకేసు అరలోకి నెట్టి, దుమ్ము పడకుండా అమ్మ అల్లిన లేసు గుడ్డ కప్పించండి. గాలాడక వేడెక్కి, వేడికి వేగం తగ్గించుకుని, ఇంటర్వెల్‌కల్లా బొమ్మ తడబడుతుంది. అప్పుడు మీరు లేచి వెళ్లి గుడ్డ తీసి, గంభీరంగా "ఊఁ" అనాలి.

ఇంటెల్ ఎన్‌100 చిప్పున్న మినీ పీసీ జోలికి మాత్రం పోవద్దు. దాని రేటింగే 6 వాట్లు. 10 బిట్ హెచ్‌ఈవీసీనీ, అలాంటిదే ఇంకో పద్ధతి ఏవీ1నీ కూడా హార్డ్‌వేర్‌తోనే విప్పేస్తుంది. 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీతో సరిపెట్టుకుని టీవీ వెనక బ్రాకెట్‌కు అతుక్కుని పడి ఉంటుంది. అదక్కడ ఉందనే ఎవరికీ గుర్తుండకపోతే, పెట్టినవాడు ఎవరికి గుర్తుంటాడు?

ఆపరేటింగ్ సిస్టమ్ విండోసే ఉండాలి, దానికి పాస్‌వర్డ్ ఉండాలి, ఆ పాస్‌వర్డ్‌లో ఒక పెద్దక్షరం, ఒక డాలర్ గుర్తు ఉండాలి. అప్‌డేట్లు ముహూర్తం చూసుకుని అవే వస్తాయి. యాక్టివ్ అవర్స్‌ను ఉదయం 6 నుంచి రాత్రి 12 వరకు పెడితే ఆ 18 గంటలూ తనంతట తాను రీస్టార్ట్ కాదన్న సంగతి బయటికి పొక్కనీయకండి. అంతకన్నా ప్రమాదం లిబ్రెఎలెక్. కోడిని నడపడానికే కట్టిన చిన్న లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ అది. స్విచ్ వేస్తే తిన్నగా సినిమాల జాబితా ముందే నిలబెడుతుంది. డెస్క్‌టాప్ లేదు, లాగిన్ లేదు. పాలకుడికి చోటే లేదు.

ఇక ధ్వని. అసలు పట్టంతా ఇక్కడే ఉంది.

టీవీకి ఉన్నవి రెండు స్పీకర్లు. కోడి ఆడియో సెట్టింగ్స్‌లో "నంబర్ ఆఫ్ ఛానెల్స్" దగ్గర 5.1 (ఐదు స్పీకర్లు, ఒక బేస్ పెట్టె) పెట్టండి. సినిమాల్లో మాటలు ఎక్కువగా మధ్య ఛానెల్‌లో ఉంటాయి. ఆ స్పీకరే లేని ఇంట్లో ఆ ఛానెల్ దారి తప్పిందంటే పాటలు ఇల్లు అదిరేలా వినిపిస్తాయి, వాన కురుస్తుంది, సుమోలు గాల్లోకి లేస్తాయి, హీరోయిన్ తండ్రి పెళ్లికి ఒప్పుకున్నాడో లేదో మాత్రం తెలియదు. నాయనమ్మ "ఏమన్నాడ్రా?" అని మీ వైపు తిరుగుతుంది. ఎన్ని లక్షలు పోస్తే వస్తుంది ఆ గౌరవం? అక్కడే 2.0 (రెండే స్పీకర్లు) అని మారిస్తే మధ్య ఛానెల్‌ను రెండు పక్కలకూ సమంగా పంచి కలిపేస్తుంది, మాటలు చక్కగా వినిపిస్తాయి, నాయనమ్మకు మీతో పని ఉండదు.

సౌండ్‌బార్ కొన్నవాళ్లకు ఇంకో అస్త్రం ఉంది. పాస్‌త్రూ (ధ్వనిని కంప్యూటరు విప్పకుండా ఉన్నదున్నట్టు అవతలికి పంపడం) ఆన్ చేసి, కింద కనిపించిన ఫార్మాట్లన్నిటికీ టిక్కులు పెట్టండి. డీటీఎస్ అనే ధ్వని ఫార్మాట్ అర్థం కాని టీవీకి డీటీఎస్ పంపితే వచ్చేది నిశ్శబ్దమే. టీవీ చప్పుడును హెచ్‌డీఎంఐ వైరు మీదుగానే సౌండ్‌బార్‌కు చేర్చే మామూలు ఏఆర్‌సీ మీద డాల్బీ డిజిటల్, డిజిటల్ ప్లస్ నడుస్తాయి గానీ ట్రూహెచ్‌డీ నడవదు, దానికి ఏఆర్‌సీ మెరుగైన రూపం ఈఏఆర్‌సీ కావాలి. ఈ తేడా ఇంట్లో ఎవరికీ చెప్పకుండా "స్పీకర్ పాతబడింది నాన్నా" అంటే సరిపోతుంది. తమ పరికరానికి తెలిసిన ఫార్మాట్లకే టిక్కు పెట్టి, మిగతావి వదిలేసేవాళ్లు కూడా లేకపోలేదు. వాళ్ల ఇళ్లల్లో చప్పుడు బాగానే ఉంటుంది గానీ మర్యాద ఉండదు.

బొమ్మ విషయం టూకీగా. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, టీవీ 60 సార్లు తెర మారుస్తుంది. లెక్క తెగక ఒక ఫ్రేము రెండుసార్లు, పక్కది మూడుసార్లు పడుతుంది. రైలు అడ్డంగా పోయే షాట్లో ఎడ్లబండి కుదుపు వస్తుంది. కోడి ప్లేయర్ సెట్టింగ్స్‌లో "అడ్జస్ట్ డిస్‌ప్లే రిఫ్రెష్ రేట్"ను తాకకపోతే ఆ కుదుపు చిరకాలం వర్ధిల్లుతుంది. హెచ్‌డీఎంఐ 1.4 పోర్టున్న పాత గ్రాఫిక్స్ కార్డయితే 4కె వచ్చేది 30 హెర్ట్జ్‌కే. మౌస్ బాణం నత్తలా పాకుతుంది. కొత్త కార్డైనా, టీవీలో ఆ పోర్టుకు డీప్ కలర్ ఆన్ చేయకపోతే హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా ఎక్కువగా చూపే బొమ్మ) రాదు. ఈ స్విచ్‌కు కంపెనీకో పేరు. సోనీలో ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్, శామ్‌సంగ్‌లో ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్. పేరు దొరక్కుండా దాచినందుకు ఆ కంపెనీలకు మన వర్గం రుణపడి ఉంది.

పెద్దరికానికి ఎసరు వచ్చేది రిమోట్ దగ్గర. చక్రవర్తి చేతిలో వైర్‌లెస్ కీబోర్డే శోభిస్తుంది. దాని రిసీవర్‌ను కంప్యూటరు వెనక, నీలం రంగు యూఎస్‌బీ 3.0 పోర్టులో, ఆ పోర్టు పక్కనే హార్డ్‌డిస్క్ ఉండేలా గుచ్చండి. యూఎస్‌బీ 3.0 పనిచేస్తున్నప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రొద పుట్టిస్తుంది. కీబోర్డు మాట్లాడేదీ అక్కడే. సోఫాలోంచి నొక్కిన నాలుగు మీటల్లో ఒకటి చేరుతుంది. ఆపమంటే ఆగదు, ఆగాక కదలదు. మీటరు పొడవు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరుతో రిసీవర్‌ను టీవీ ముందుకు లాగితే రోగం కుదురుతుంది. ఈ చిట్కా మనలో మనకే.

అసలు శత్రువు పేరు సీఈసీ. హెచ్‌డీఎంఐ వైరులోనే ఒక సన్నని తీగ ద్వారా టీవీ రిమోట్ మీటలు అవతలి పెట్టెకు చేరే ఏర్పాటు. మామూలు కంప్యూటర్లలో చాలావాటికి ఇది లేకపోవడం మన పూర్వజన్మ సుకృతం. కానీ రాస్ప్‌బెర్రీ పై 4 లాంటి అరచేతి బోర్డుకు ఉంది. టీవీ మెనూలో సీఈసీ ఆన్ చేస్తే చాలు (శామ్‌సంగ్ దాన్ని ఎనీనెట్ ప్లస్ అంటుంది, ఎల్జీ సింప్‌లింక్ అంటుంది), అమ్మ చేతిలో రోజూ ఉండే రిమోట్‌తోనే కోడి మేత మేస్తుంది. పీసీ ఉన్నవాళ్లూ ఫ్లర్క్ అనే యూఎస్‌బీ ముక్క గుచ్చి, ఇంట్లో మూల పడి ఉన్న ఏ పాత రిమోట్‌కైనా ఆ విద్య నేర్పవచ్చు. ఇలాంటివి ఇంటి గడప తొక్కనీయకండి.

సినిమాలకు పేర్లు పెట్టడంలో ఉదారంగా ఉండండి. "దేవదాసు" అని ఊరుకోండి, ఏడాది రాయకండి. ఆ పేరుతో 1953లో అక్కినేనిది ఉంది, 1974లో కృష్ణది ఉంది, 2006లో రామ్‌ది ఉంది. పోస్టర్ తెచ్చిపెట్టే స్క్రేపర్ ఏ దేవదాసును పట్టుకొస్తుందో దాని ఇష్టం. పెద్దాయన అక్కినేని మీద నొక్కాననుకుంటారు, రామ్ గంతులేస్తాడు. ఒక్కో సినిమాకు ఒక్కో ఫోల్డర్, దాని పేరు చివర బ్రాకెట్‌లో 1953 అని ఉంటే ఈ తగాదాయే లేదు. మలయాళ సినిమాకు తెలుగు సబ్‌టైటిళ్లు పెట్టి అక్షరాల చోట డబ్బాలు చూపించడం కూడా చక్కని సంప్రదాయమే. ఎంచుకున్న ఫాంటులో తెలుగు లేకపోవడమే అందుకు కారణం. నోటో సాన్స్ తెలుగు లాంటిదొకటి ఫాంట్స్ ఫోల్డర్లో వేసి, ఫైలును తెలుగు అక్షరాలు పట్టే యూటీఎఫ్-8 పద్ధతిలో సేవ్ చేసేవాళ్లకు డబ్బాల అందం తెలియదు.

ఓటీటీలనూ ఈ కంప్యూటర్లోంచే చూపించాలని పట్టుపట్టండి. కాపీ రక్షణ నిబంధనల వల్ల కంప్యూటర్ బ్రౌజర్‌కు, అందులోనూ లినక్స్‌దైతే, చాలా ఓటీటీలు 4కె ఇవ్వవు. 55 అంగుళాల టీవీ కొని, అందులోనే ఉన్న యాప్‌ను వదిలేసి, మసక బొమ్మ కోసం ఇంటిల్లిపాదినీ పది నిమిషాలు కూర్చోబెట్టగలిగితేనే పాలన పటిష్ఠంగా ఉన్నట్టు. సొంత డిస్క్‌లో సినిమాలకు కంప్యూటరు, ఓటీటీకి టీవీ యాప్ అని పని విడదీసిన ఇళ్లల్లో పిల్లలు కూడా మాట వినడం మానేస్తున్నారు.

ఇంత జాగ్రత్త పడినా ఒక్క గండం మిగిలే ఉంటుంది. సంక్రాంతికి వచ్చి అన్నీ బిగించి మీరు ఊరెళ్లిపోయాక, రిమోట్ తెలిసిన మేనకోడలెవరో వచ్చి మూడు మీటల మీద మూడు బొట్టుబిళ్లలు అతికించి పోతుంది. ఎర్ర బిళ్ల ఆన్, పచ్చ బిళ్ల సినిమాలు, నల్ల బిళ్ల వెనక్కి. ఆదివారం రాత్రి 9 అవుతుంది, మీ ఫోను మోగదు. 9:30కి ఉండబట్టలేక మీరే చేస్తారు. అమ్మ ఎత్తి, గొంతు తగ్గించి, "తర్వాత చెయ్యి నాన్నా, మంచి సీను వస్తోంది" అంటుంది.