ఏ ఫర్ ఆపిల్ చార్టు గారికి

మహారాజశ్రీ చార్టు గారికి,

మా హాల్లో ఫ్యాన్ గాలికి టపటపా కొట్టుకుంటూ తమరు క్షేమమే అని తలుస్తాను. మేం క్షేమంగా లేం. నిన్న ఏడింటికి యూకేజీ హోంవర్కుకి కూర్చుంటే తొమ్మిదయింది, ముందు మా అమ్మాయి ఏడ్చింది, తర్వాత నేను. "వ్యాన్" రాయమంటే మొదట వై పెట్టింది. "డక్"కి డబ్ల్యూ. నేను అరిచాను. "వైలో వ ఉంది కదా నాన్నా, డబ్ల్యూలో డ ఉంది కదా" అంది.

దాని తప్పేంటండీ? చెవిన పడిందే రాసింది. తమరు సి పక్కన పిల్లిని కూర్చోబెట్టారు, సి అన్నప్పుడు క ఎక్కడ వినిపించింది? డబ్ల్యూకి వాచ్ అట, అంత పొడుగు పేరులో వ అన్నదే లేదు! (హెచ్‌ని హెచ్ అంటే మనల్ని చూసి నవ్వుతారు, "ఏచ్" అనాలట. హ్యాట్‌లో హ ఉన్నది మన హెచ్‌లోనే.) 26 అక్షరాలతో దాదాపు 44 శబ్దాలు నెట్టుకురావాలి, ఆ కష్టం తెలుసు. కానీ పేరొకటి, పలుకొకటి అని పిల్లకి ముందే ఒక ముక్క చెప్పొచ్చుగా?

పక్కనున్న అఆల చార్టుని చూసైనా నేర్చుకో. ణతో మొదలయ్యే మాట దొరక్కపోతే బుద్ధిగా వీణ బొమ్మ వేసుకుంది. నువ్వు ఎక్స్‌కి జైలోఫోన్ తెచ్చావు. మా వీధిలో ఆ వాయిద్యం చూసినవాళ్లు లేరు, పైగా అందులో ఎక్స్ పలికేది జ అని! బాక్స్ పెట్టుకుంటే నామోషీయా?

బళ్లో మిస్ మాత్రం పేర్లు వదిలేసి శబ్దాలే చెప్పమంది, స్స్స్, మ్మ్మ్ అని సాగేవాటితో మొదలెట్టమంది. నేనేమో ఆత్రంగా క్యాట్‌ని విడదీసి "క, యా, ట" అన్నాను. హల్లు పక్కన అ చేర్చకుండా మన నోరు తిరగదు కదా. పిల్ల అన్నీ కలిపి "కయాట" అని చదివి, కయాట అంటే ఏంటి నాన్నా అని అడిగింది. ఆ ఒక్క తప్పు నాదే, ఒప్పుకుంటా.

చించేద్దామని రాత్రే అనుకున్నాను. పొద్దున చూస్తే నీ డబ్ల్యూ గడిలో, వాచ్ పక్కన, క్రేయాన్‌తో గీసిన బాతు. అది ఉన్నన్నాళ్లూ నువ్వూ ఉంటావు.

ఇట్లు,
కయాట వాళ్ల నాన్న