కాంక్రీటుకి నలుపు తెలుపు సరే, కార్బూజియే రంగుల మాటేంటి?

ఆర్కిటెక్ట్ లె కార్బూజియే డిజైన్ చేసిన చండీగఢ్ హైకోర్టు ఫొటో తీసినవాళ్లలో చాలామంది ఇంటికొచ్చాక దాన్ని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చేస్తారు. నేనూ మార్చాను. ముఖద్వారం దగ్గర ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో పైకప్పు దాకా లేచిన మూడు గోడలున్నాయి కదా, వాటిలో ఆకుపచ్చా ఎరుపూ అచ్చంగా ఒకే బూడిదరంగైపోయాయి. ప్రాణం ఉసూరుమంది.

రంగులు ఎంత వేరైనా వెలుగు సమానంగా ఉంటే నలుపు తెలుపులో తేడా మిగలదు. ఫిల్మ్ రోజుల్లో అయితే లెన్స్ ముందు ఎర్ర ఫిల్టర్ పెట్టాలా వద్దా అన్నది అక్కడే తేల్చుకోవాలి. ఇప్పుడు రా ఫైల్లో, అంటే కెమెరా పట్టింది పట్టినట్టు దాచే ఫైల్లో, రంగులన్నీ భద్రంగా ఉంటాయి కాబట్టి ఎడిటింగ్‌లో ఎరుపు స్లైడర్ పెంచితే ఎర్ర గోడ తెల్లబడుతుంది, తగ్గిస్తే నల్లబడుతుంది. మరి అందులో ఏది ఆ గోడ? నా దృష్టిలో రెండూ కాదు.

నలుపు తెలుపులోకి మార్చే ఈ అలవాటు మనకి ఎక్కువగా ఫొటోగ్రాఫర్ లూసియన్ ఎర్వే ఫొటోల నుంచే వచ్చిందనుకుంటాను. 1949 నుంచి కార్బూజియే కట్టడాల్ని తీసిన ఆయన సిరా ఒలికినట్టుండే నీడలు మన కళ్లలో అలా ఉండిపోయాయి. కానీ కార్బూజియే స్వయంగా చిత్రకారుడు. 1931లో ఒకసారి, 1959లో మరోసారి వాల్‌పేపర్ కంపెనీకి రంగుల వరసలు కూర్చి ఇచ్చిన మనిషి. ఆయన గోడకి రంగు వేయించాడంటే ఊరికే వేయించలేదు.

కాంక్రీటు సంగతి వేరు, దానికి నలుపు తెలుపే అందం. చండీగఢ్‌లోనే కార్బూజియే డిజైన్ చేసిన, 254 మీటర్ల పొడవున్న సెక్రటేరియట్ దగ్గర ఎండ ఏటవాలుగా పడేదాకా ఆగి చూడండి: సెంట్రింగ్ అతుకుల గీతలు, గాలి బుడగలు వదిలిన చిన్న చిన్న గుంటలు, ఏళ్ల వానలకి కారిన నల్లటి చారలు, అన్నీ వేలితో తడిమినట్టు కనిపిస్తాయి. నడినెత్తి ఎండలో తీస్తే ఎండని ఆపే కాంక్రీటు పలకల అంచులు తెల్లగా మాడిపోతాయి. డిజిటల్‌లో నీడని కొంత వెనక్కి లాగొచ్చు గానీ మాడిన తెలుపు తిరిగి రాదు, అందుకే నేను ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించే తీస్తాను. ఆకాశం నల్లగా రావాలని నీలం స్లైడర్ కిందకి లాగేస్తే ఇంకో చిక్కు, కప్పు అంచు వెంట సన్నటి తెల్ల గీత తేలుతుంది. అది ఒకసారి కంట్లో పడ్డాక ఫొటోలో ఇంకేమీ కనిపించదు.

సెక్రటేరియట్ ఫొటోలన్నీ నలుపు తెలుపులోనే ప్రింట్ చేయించాను. హైకోర్టు గోడల్ని మాత్రం మళ్లీ రంగుల్లోకి మార్చేశాను.