పుస్తకం చివర నక్కి కూర్చున్న అనుబంధానికి

అనుబంధమా,

తెలుగులో నీకు ఆ పేరు పెట్టినవాళ్ళకి దండం పెట్టాలి. నీ మూలంగా నాకూ మా బావకూ ఉన్న అనుబంధం కాస్తా 2022 సెప్టెంబరులో తెగింది. అప్పట్నుంచి ఫ్యామిలీ గ్రూపులో పండగ శుభాకాంక్షలు తప్ప మా మధ్య మాటల్లేవు. బావ నిన్ను అపెండిక్స్ అంటాడు. మొదటిసారి విన్నప్పుడు మా అమ్మ "ఆపరేషన్ ఎవరికి?" అని కంగారుపడింది.

గొడవ నీకు కొత్తేం కాదులే. 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' నవల రెండో సంపుటం 1954 నవంబరులో వచ్చింది, కథానాయకుడు ఫ్రోడో శత్రువుల చేతికి చిక్కాడు, చదివినవాళ్ళు గోళ్ళు కొరుక్కుంటున్నారు, రచయిత టోల్కీన్ గారేమో నీ పని తేలక తంటాలు పడుతున్నారు. మూడోది చేతికొచ్చేసరికి 1955 అక్టోబరు. రాజుల వంశాలు, సంవత్సరాల పట్టిక, హాబిట్లనే పొట్టి జాతివాళ్ళ చుట్టరికాలు, క్యాలెండరు, లిపి, భాషలు అంటూ ఆరు భాగాలు. నిజం చెప్పు, ఎంతమంది చదివారు నిన్ను? నేనైతే కథ అవగానే పుస్తకం మూసేశాను. బావా అంతే. ఎలా తెలుసంటే ఆ పుస్తకం నాది, నేను కాఫీ ఒలకబోసిన నీ పేజీలు అంటుకున్నవి అంటుకున్నట్టే తిరిగొచ్చాయి.

అలాంటి నీకు 2017లో దశ తిరిగింది. అమెజాన్ వాళ్ళు టీవీ హక్కులు కొన్నారు, దాదాపు 25 కోట్ల డాలర్లని పత్రికలు రాశాయి. తీయాల్సిందేమో ఫ్రోడోకి వేల ఏళ్ళ ముందటి రెండో యుగం కథ, దాన్ని ఇంకాస్త వివరంగా చెప్పిన టోల్కీన్ మరో పుస్తకం 'సిల్మరిలియన్' హక్కులు మాత్రం లేవు. మిగిలింది నువ్వు. 3441 ఏళ్ళ యుగాన్ని నీ పట్టిక కొద్ది పేజీల్లో తేల్చేస్తుంది, ఫలానా ఏట మాయ ఉంగరం తయారైంది, ఫలానా ఏట న్యూమెనోర్ దీవి మునిగింది, అంతే. శుభలేఖ చేతిలో పెట్టి పెళ్ళి వీడియో తీయమన్నట్టుంది. మొదటి సీజన్‌కే 46 కోట్ల డాలర్ల పైన అయిందట, ఖర్చు మాత్రం పెళ్ళి ఖర్చే.

ఇక ఆ సిరీస్ 'రింగ్స్ ఆఫ్ పవర్' మొదలైన రోజు రాత్రే బావ నీ పేరెత్తాడు. డ్వార్ఫ్‌లనే మరుగుజ్జు జాతి రాకుమారి డీసాకి గడ్డం లేదట, అది నీకు ద్రోహమట. నేను స్కేలు పెట్టి ఆ పేజీ విడదీసి చూశాను. డ్వార్ఫ్ ఆడవాళ్ళు గొంతులోనూ రూపంలోనూ మగవాళ్ళలాగే ఉంటారు, వేరే జాతులవాళ్ళు పోల్చుకోలేరు అని రాశావు, బాగుంది, కానీ గడ్డం అనే మాటే అక్కడ లేదు. ఆ సంగతి చెప్పాక వాదన ఆగిందా? మూడో మెసేజ్‌కల్లా గడ్డం కాస్తా ఆవిడ ఒంటి రంగు దగ్గర తేలింది. నీ అన్నగారు ముందుమాట ఉన్నాడే, హాబిట్లలో ఒక తెగ హార్‌ఫుట్‌లు ముదురు చాయవాళ్ళని ఆయన మొదట్లోనే చెప్పాడు. పాపం ఆయన్నీ ఎవరూ చదవరు. ప్రేక్షకుల రివ్యూల్ని అమెజాన్ వాళ్ళు 72 గంటలు ఆపి పెట్టారు, ఆ ఏర్పాటేదో మా గ్రూపుకీ ఉంటే బాగుండేది.

నన్నడిగితే సిరీస్‌కి అసలు జబ్బు వేరే. నీ లెక్కలో ఉంగరం తయారవడానికీ న్యూమెనోర్ మునగడానికీ మధ్య 1700 ఏళ్ళ పైమాట. ఇక్కడ మాత్రం ఉంగరాలు తయారవుతుండగానే, పదహారు వందల ఏళ్ళ తర్వాత రావాల్సిన న్యూమెనోర్ వీరుడు ఇసిల్దుర్ గుర్రమెక్కి తిరుగుతుంటాడు. అన్నీ ఒక్క వానాకాలంలో కుక్కేసరికి ఎవరు చచ్చినా మనకి ఏడుపు రాదు. దీని గురించి బావ ఒక్క ముక్క అనలేదు. గడ్డం లెక్క తేలాలిగా ముందు!

రెండో సీజన్‌లో నేనే దొరికిపోయాను. ఎల్ఫ్‌లనే అమరజాతికి చెందిన ఎల్రాండ్, సిరీస్ నాయిక గలాడ్రియెల్‌ని ముద్దు పెట్టుకున్నాడు, అదీ సంకెళ్ళు విప్పుకునే పిన్ను ఆవిడ చేతికి అందించే ఎత్తు, నాకేం తప్పనిపించలేదు. తెలుగు డబ్బింగ్‌లో నాతో కూర్చుని చూస్తున్న అమ్మ దగ్గర నోరు జారాను, ముందుముందు ఇతను చేసుకోబోయేది ఈవిడ కూతుర్నే, అనుబంధంలో ఉంది అని. అమ్మ రిమోట్ అందుకుని ఆపేసింది.

"అత్తగార్నిరా?"

ఇది ఎత్తమ్మా, నటనమ్మా అన్నా వినలేదు. వెంటనే బావకి ఫోన్ కొట్టి, "అల్లుడుగారూ, మీరన్నదే కరెక్టు, పుస్తకంలో ఉన్నట్టే తీయాలి" అంది. అవతల్నుంచి కాసేపు ఏ శబ్దమూ లేదు.

ఇప్పుడు అమ్మ రోజూ అడుగుతోంది, ఆ కూతురేది, ఈవిడ మొగుడేడి అని. యుద్ధానికెళ్ళి మళ్ళీ కనబడలేదని సిరీస్‌లో ఒక్క మాటతో సరిపెట్టారు, నువ్వేమో బతికే ఉన్నాడంటావు. మిగతా పేజీల కింద వేడి ఆవిరి పెట్టాను, మెల్లగా ఊడి వస్తున్నాయి.

ఇట్లు,
నిన్ను ఆలస్యంగా చదువుతున్న ఒకడు