‘కాన్పయ్యాక పాలు పడ్డాయా అమ్మా?’

గూడూరు, సూళ్లూరుపేట వైపు నుంచి వచ్చే లోకల్ రైళ్లు చెన్నైలో మూర్ మార్కెట్ కాంప్లెక్స్ స్టేషన్‌లో ఆగుతాయి. దిగినవాళ్లలో కొందరు రోడ్డు దాటి నేరుగా జీహెచ్‌కు, అంటే రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రికి వెళతారు. చేతిలో సంచి, సంచిలో నాలుగైదేళ్ల రిపోర్టులు. నీరసం, ఒళ్లు బరువెక్కడం, జుట్టు రాలడం, నెలసరి తప్పడం అంటూ తిరిగే ఆడవాళ్ల సంచుల్లో తరచూ కనిపించేది ఒకే పరీక్ష, థైరాయిడ్ పనితీరు తెలుసుకోవడానికి చేసే టీఎస్‌హెచ్. అది ఎక్కువుంటే థైరాయిడ్ మాత్ర రాస్తారు. నార్మల్ అని వస్తే ‘మీకేం లేదమ్మా, టెన్షన్ పెట్టుకోకండి’ అని పంపేస్తారు. ఆ రెండో మాట విని ఇంటికెళ్లిన వారిలో నిజంగానే జబ్బున్న వాళ్లూ ఉంటారు. ఈ రోజు మేం రాస్తున్నది వాళ్ల గురించే.

టీఎస్‌హెచ్ థైరాయిడ్ గ్రంథిలో తయారయ్యేది కాదు. మెదడు అడుగున చిక్కుడు గింజంత ఉండే పిట్యుటరీ గ్రంథి దాన్ని పంపి, థైరాయిడ్ చేత పని చేయిస్తుంది. థైరాయిడ్ మందగిస్తే పిట్యుటరీ మరింత గట్టిగా తరుముతుంది, టీఎస్‌హెచ్ పెరుగుతుంది. మరి దెబ్బతిన్నది పిట్యుటరీయే అయితే? తరమడానికి దానికే ఓపిక ఉండదు. టీఎస్‌హెచ్ నార్మల్‌గానో తక్కువగానో కనిపిస్తుంది, లోపల థైరాయిడ్ హార్మోను మాత్రం అడుగంటి ఉంటుంది. పక్కన ఆ థైరాయిడ్ హార్మోనునే నేరుగా కొలిచే ఫ్రీ టీ4 పరీక్ష కూడా చేయిస్తే తప్ప ఈ సంగతి బయటపడదు.

ఆడవాళ్లలో పిట్యుటరీ ఇలా దెబ్బతినడానికి ఒక పాత కారణం కాన్పు. గర్భంతో ఉన్నప్పుడు ఆ గ్రంథి పెరుగుతుంది, దానికి రక్తం ఎక్కువ కావాలి. కాన్పులో రక్తం విపరీతంగా పోయి బీపీ పడిపోతే గ్రంథిలో కొంత భాగం చచ్చిపోతుంది. లివర్‌పూల్‌లో పనిచేసిన డాక్టర్ హెరాల్డ్ షీహాన్ 1937లో దీన్ని వివరించారు, జబ్బుకు ఆయన పేరే నిలిచింది. ఇంట్లో కాన్పులు తగ్గి ఆస్పత్రి కాన్పులు పెరిగాక ఇది తగ్గింది, కానీ పోలేదు. ఆ తల్లికి మొదట పాలు పడవు. ‘పాలు పడలేదు, డబ్బా పాలు పట్టాం’ అని ఇంట్లో సర్దుకుంటారు. తర్వాత నెలసరి రాదు. పాలిచ్చే తల్లికి నెలసరి ఆలస్యం కావడం మామూలే. పాలూ పడక, నెలసరీ రాకపోవడం మామూలు కాదు. అయినా ‘ముట్లు తొందరగా ఆగిపోయాయి’ అనుకుని ఊరుకుంటారు. ఆపైన చలికి తట్టుకోలేకపోవడం, లేస్తే కళ్లు తిరగడం, బీపీ తక్కువ. ఏళ్ల తర్వాత ఏదో జ్వరానికో విరేచనాలకో స్పృహ తప్పి ఎమర్జెన్సీకి తెచ్చినప్పుడు, ఒంట్లో సోడియం పడిపోయిందని తేలినప్పుడు గానీ అసలు జబ్బు పేరు తెలియని వాళ్లున్నారు.

ఇక్కడ తప్పు మందు ప్రాణం మీదికి తెస్తుంది. పిట్యుటరీ పాడైన మనిషికి చాలాసార్లు కార్టిసాల్, అంటే ఒత్తిడిని తట్టుకోవడానికి ఒంటికి కావాల్సిన హార్మోను, కూడా తక్కువగా ఉంటుంది. అది చూసుకోకుండా థైరాయిడ్ మాత్ర మొదలుపెడితే ఉన్న కాస్త కార్టిసాల్ కూడా త్వరగా ఖర్చయిపోయి మనిషి కుప్పకూలవచ్చు. ముందు కార్టిసాల్ లోటు తీర్చే స్టెరాయిడ్ మాత్ర, ఆ తర్వాతే థైరాయిడ్ మాత్ర. రెండూ ఖరీదైన మందులు కావు. జబ్బు పట్టుకోవడమే కష్టం. పట్టుకునే దారి మొదలయ్యేది ఒక్క ప్రశ్నతో: కాన్పయ్యాక పాలు పడ్డాయా అమ్మా?

ఆ ప్రశ్న ఏ భాషలో అడుగుతున్నారన్నది చెన్నైలో ఉన్న మనకు చాలా ముఖ్యం. నాయుడుపేట నుంచి వచ్చిన ఆమెకు తమిళం రాదు. డాక్టరుకు తెలుగు అంతంత మాత్రం. మధ్యలో కొడుకో అల్లుడో నిలబడి మాట చేరవేస్తాడు. నెలసరి ఆగిందనీ, ఒంటి మీద వెంట్రుకలు రాలిపోయాయనీ ఏ తల్లి కొడుకు నోటితో చెప్పిస్తుంది? ‘నీరసం సార్’ అన్న మాట ఒక్కటే డాక్టరు చెవిన పడుతుంది. డాక్టరును తప్పుపట్టి లాభం లేదు, ఆయన ముందున్న క్యూ అంత పెద్దది. హార్మోన్ జబ్బులు చూసే ప్రభుత్వ ఓపీల్లో తెలుగు తెలిసిన ఒక మహిళను కూర్చోబెట్టాలని తమిళనాడు ప్రభుత్వాన్ని కోరుతున్నాం. ఈ నగరంలో అలాంటి వారికి కొదవలేదు.

థైరాయిడ్ సంగతీ తేలిగ్గా తీసుకునేది కాదు. చెన్నైతో కలిపి 8 నగరాల్లో 5,376 మంది పెద్దలను పరీక్షించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 11 శాతం మందికి హైపోథైరాయిడ్, అంటే థైరాయిడ్ మందగించడం, ఉన్నట్టు తేలింది. మూడున్నర శాతం మందికి ఆ సంగతి అప్పటిదాకా తెలియనే తెలియదు. తెలిసినవాళ్లయినా మందు సరిగా వాడుతున్నారా అంటే అనుమానమే. మాత్ర వేసుకుని వెంటనే ఫిల్టర్ కాఫీ తాగితే మందు ఒంటికి సరిగా పట్టదు. అరగంట నుంచి గంట ఆగాలి. ఐరన్, కాల్షియం మాత్రలకైతే నాలుగు గంటల ఎడం ఉండాలి. మోతాదు మార్చిన ఫలితం టీఎస్‌హెచ్‌లో తేలడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. పదిహేను రోజులకే మళ్లీ పరీక్ష చేయించి, ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లి మోతాదు మార్పించుకునే వాళ్లను చూస్తే బాధ కలుగుతుంది. ఇంకో చిక్కు బయోటిన్ అనే విటమిన్. జుట్టు రాలకుండా వేసుకునే మాత్రల్లో ఇది ఎక్కువగా ఉంటుంది, కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో లేని హైపర్ థైరాయిడ్‌ను, అంటే థైరాయిడ్ అతిగా పనిచేయడాన్ని, ఉన్నట్టు చూపిస్తుంది. ఇలాంటి తప్పుడు ఫలితాల గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. రక్తం తీసేముందు ‘జుట్టు మాత్రలు వాడుతున్నారా?’ అని ల్యాబ్‌వాళ్లు అడగాలి, కనీసం రెండు రోజుల ముందు ఆపమని చెప్పాలి.

కాలేజీ అమ్మాయిలకు ‘అండాశయాల్లో నీటి బుడగలున్నాయి’ అంటూ స్కాన్ చూసే పీసీఓడీ ముద్ర వేయడమూ ఇలాంటిదే. రజస్వల అయిన ఎనిమిదేళ్ల లోపు స్కాన్ ఆధారంగా ఆ మాట చెప్పకూడదని అంతర్జాతీయ మార్గదర్శకాలే అంటున్నాయి. థైరాయిడ్‌నూ, పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ హార్మోనునూ చూడకుండా ఆ పేరు పెట్టడం పొరపాటు.

కీళ్లనొప్పులకూ ఆయాసానికీ పేరు లేని పొడులు మింగేవాళ్లు మరో రకం. కొన్నింటిలో స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. ముఖం గుండ్రంగా ఉబ్బి, షుగర్ పెరిగాక భయపడి ఒక్కసారిగా మానేస్తే అదీ ప్రమాదమే. ఆ పొట్లాన్ని దాచకుండా డాక్టరుకు చూపించాలి.

ఇంత దూరం రాకుండానే కొందరి పని తిరుపతిలో అయిపోవచ్చు. అక్కడి స్విమ్స్ (శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ) ఆస్పత్రిలో ఎండోక్రైనాలజీ, అంటే హార్మోన్ జబ్బుల విభాగం ఉంది. నెల్లూరు, సూళ్లూరుపేట ప్రభుత్వ ఆస్పత్రుల నుంచి అక్కడికి నేరుగా పంపే ఏర్పాటును ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గట్టిగా అమలు చేయాలి.

రెండు ప్రభుత్వాలూ ఖర్చు లేకుండా రేపే చేయగలిగింది ఇంకొకటుంది. కాన్పులో ఎక్కువ రక్తం పోయిన ప్రతి తల్లి డిశ్చార్జి చీటీ మీద ఆ సంగతి ఆమెకు చదవొచ్చిన భాషలో పెద్దక్షరాలతో రాయాలి. దాని కింద ఇంకొక్క వాక్యం: పాలు పడకపోయినా, నెలసరి తిరిగి రాకపోయినా ఈ చీటీ తీసుకుని హార్మోన్ డాక్టరు దగ్గరికి వెళ్లండి.