మాధవాయిపాలెం రేవులో ఫార్మల్ నైట్

అల్లుళ్ళకి మనం పెట్టడమే గానీ అల్లుడు మనకి పెట్టడం మా ఇంటావంటా లేదు. ఆ ఆచారాన్ని మా అల్లుడు చెడగొట్టాడు. నేను రిటైరైన సందర్భంగా అత్తగారికీ మామగారికీ ఏడు రాత్రుల ఓడ ప్రయాణం బుక్ చేసి కాగితాలు పంపించాడు. గ్రీసులో పిరయస్ రేవులో ఎక్కడం, శాంటోరిని, రోడ్స్, క్రీటు దీవులు చూసుకుంటూ పోయి మాల్టాలో వలెట్టా దగ్గర దిగడం. ఓడకి పధ్నాలుగు అంతస్తులట. మా రాజోలు వైపు కొబ్బరిచెట్టు కూడా అంత ఎత్తు ఎదగదు.

కాగితాలతోపాటు నున్నటి రంగుల పుస్తకం ఒకటి వచ్చింది. అట్టమీద తెల్లటోపీ దొరసాని ఒకావిడ ఓడ రెయిలింగు పట్టుకుని కిందనున్న ఎవరికో చెయ్యి ఊపుతూ ఉంటుంది. ఆ పుస్తకం చంకలో పెట్టుకుని నెలరోజులు తిరిగాను. పాలకేంద్రం దగ్గర చెప్పాను, కిళ్ళీకొట్టు దగ్గర చెప్పాను. మా వీధిలో ఒక దశాహం భోజనాల దగ్గర కూడా, శాంటోరినిలో సుమారు మూడున్నర వేల ఏళ్ళ కిందట అగ్నిపర్వతం పేలి, దీవి నడుమ భాగం సముద్రంలోకి ఎలా కూలిపోయిందో వివరించాను. లేచిపోబోయినవాళ్ళకి మళ్ళీ పప్పు వడ్డించి మరీ వివరించాను.

చిక్కంతా పదిహేనో పేజీలో వచ్చింది. ప్రయాణంలో రెండు రాత్రులు 'ఫార్మల్ నైట్' అట. ఆ రెండు రాత్రులూ మగవాళ్ళు కోటు వేసుకుని భోజనానికి రావాలట. అన్నం తినడానికి కోటెందుకో నాకిప్పటికీ అర్థం కాలేదు. మా ఇంట్లో అన్నానికి కూర్చునేముందు ఉన్న చొక్కా కూడా విప్పేస్తాను. అయినా సరే, దేశం పరువు అనుకుని నరసాపురంలో పెళ్ళికొడుకులకి సూట్లు కుట్టే టైలరుకి కొలతలిచ్చి వచ్చాను.

కోటు తెచ్చుకునే రోజున మా ఆవిడ కూడా బయల్దేరింది. వెళ్ళడం బస్సులోనే, చించినాడ వంతెన మీదుగా వెళ్ళాం. "వచ్చేటప్పుడు కూడా అలాగే వచ్చేద్దామండీ, చీకటి పడుతుంది" అంది. నేను వినలేదు. "సముద్రం మీద ఏడు రాత్రులు ఉండాల్సినవాళ్ళం, గోదారి మీద పావుగంట ఉండలేమా?" అన్నాను. ఆ మాట ఆవిడ ఇప్పుడు రోజుకొకసారి, ఒక్క అక్షరం తప్పకుండా, నాకే అప్పజెబుతోంది.

టైలరు ఇంకో మాటన్నాడు. "మడతపెడితే భుజాలు పాడైపోతాయండి మాస్టారూ, తొడుక్కుని వెళ్ళిపోండి." చైత్రమాసం సాయంత్రం, నరసాపురంలో, నల్ల ఉన్ని కోటు. రేవుకి నడుస్తుంటే దారిలో ఇద్దరు నాకు దణ్ణం పెట్టారు. ప్లీడరు అనుకున్నారని తర్వాత తెలిసింది.

పంటు అంటే తెలియని పై జిల్లాలవారికి ఒక మాట. రెండు పడవల్ని జంటకట్టి పైన బల్లలు పరిచి, ఇంజను పెడితే అది పంటు. మనుషులెక్కుతారు, మోటారు సైకిళ్ళెక్కుతాయి, ఆటోలెక్కుతాయి, ఆవులు టిక్కెట్టు లేకుండా ఎక్కుతాయి. ఆవేళ మాతోపాటు పది పదిహేను బళ్ళు, కొబ్బరి పీచు నిండిన ట్రక్కు ఆటో ఒకటి, ఒక ఆవూ దూడా, లేసు దారం ఉండలు తీసుకెళ్తున్న నలుగురు ఆడవాళ్ళు, వేరుశనక్కాయల కుర్రాడు ఉన్నారు. ఐదుంబావుకి మాధవాయిపాలెం రేవు వదిలాం. గాలి బాగా వీస్తోంది. కోటు గుండీలు విప్పి, రెయిలింగు పట్టుకుని, అట్టమీద దొరసానిలాగే నించున్నాను.

ఐదున్నరకి పంటు కింద గరగరమని చప్పుడైంది. ఆవు ఒక అడుగు ముందుకేసింది, మేమంతా రెండేసి అడుగులు వేశాం. ఇంజను ఘీంకరించి ఊరుకుంది. పంటు ఇసుక మేట మీదికెక్కి కూర్చుంది.

సరంగు గెడ దించి చూశాడు. మోకాలి లోతు కూడా లేదు. చుట్ట వెలిగించాడు.

"ఏమైందయ్యా?"

"పాటండి. ఇయ్యాల బహుళ చవితి కదండీ, ఆరు దాకా నీళ్ళు లాగేత్తాయండి. ఆనక పోటు తిరుగుద్ది. ఎనిమిదింటికి తనే లేచిపోద్దండి, ఆయ్."

రెండున్నర గంటలు! పక్కనున్నవాళ్ళు ఎవరూ గాభరా పడలేదు. లేసు ఆడవాళ్ళు బల్లలమీద చతికిలబడి కొక్కేలు తీశారు. ఒకాయన తలకింద సంచీ పెట్టుకుని పడుకున్నాడు. ఖాళీగా కూర్చున్న యాభైమంది శ్రోతలు, చంకలో పుస్తకం. ముప్ఫై నాలుగేళ్ళు సోషల్ చెప్పినవాణ్ణి. మీరైతే ఊరుకుంటారా?

మొదలుపెట్టాను. సరంగు మాత్రం మధ్యలో ఒక్క సందేహం అడిగాడు.

"మీరెళ్ళే సముద్రంలో పోటెంత వత్తదండి?"

"మధ్యధరా సముద్రంలో పోటూ పాటూ పెద్దగా ఉండవయ్యా. చాలాచోట్ల అడుగు కూడా ఉండదు."

నావైపు జాలిగా చూశాడు. "మరి దాన్ని సముద్రం అంటారేంటండి, చెరువనాలి గానీ."

ఈలోగా శనక్కాయల కుర్రాడికి కాగితాలు అయిపోయాయి. వ్యాపారమేమో మంచి ఊపుమీదుంది. వాడు నా పుస్తకంవైపు చూశాడు. నేను దాన్ని ఇటు చంకలోంచి అటు చంకలోకి మార్చాను. మా ఆవిడ మెల్లిగా లాగి వాడి చేతిలో పెట్టింది. "చించుకో నాయనా. ఈయనకి కంఠతా వచ్చు."

ఐదు నిమిషాల్లో మధ్యధరా దీవులన్నీ పొట్లాలైపోయాయి. "నాకు శాంటోరిని వచ్చిందండోయ్" అని ఒకడు, "నాదేదో గుర్రబ్బండి బొమ్మ" అని ఒకడు. పుస్తకం పోతే పోయింది, పాఠం మాత్రం ఇంతకుముందెప్పుడూ ఇంత బాగా సాగలేదు, ఎందుకంటే ప్రతివాడి చేతిలోనూ ఒక బొమ్మ ఉంది. రోడ్స్ పొట్లం ఒక ముసలమ్మగారికి వచ్చింది. ఆ దీవి రేవులో ఒకప్పుడు ముప్ఫై మీటర్లు దాటిన సూర్యదేవుడి కంచు విగ్రహం ఉండేదనీ, కట్టి అరవై ఏళ్ళు కూడా కాకుండానే, క్రీస్తు పూర్వం 226 ప్రాంతంలో భూకంపానికి మోకాళ్ళ దగ్గర విరిగి పడిపోయిందనీ చెప్పాను.

"అంతే నాయనా," అందావిడ, గింజ నోట్లో వేసుకుని. "మోకాళ్ళే ముందు పోతాయి."

వలెట్టా పొట్లం దొరికినాయన పూర్వం బట్టలకొట్టు నడిపాడట. ఆ ఊరు ఎప్పుడు కట్టారని అడిగాడు. 1565లో తురుష్కులు మాల్టాని ముట్టడించి లొంగదీయలేక వెళ్ళిపోయారనీ, ఆ మరుసటి ఏడాదే కోటతో సహా కొత్త ఊరికి పునాది వేశారనీ చెప్పాను. ఆయన తాపీగా పొట్టు ఊదాడు.

"ఆ తర్వాత వందేళ్ళు తిరక్కుండానే తెల్లదొరలు మన రేవుకొచ్చేశారు కదండీ మాస్టారూ. ఇక్కడ గుడ్డ కొనుక్కునేవారు, ఓడలు కూడా కట్టించుకునేవారు. మాధవాయిపాలెం అనడానికి నోరు తిరక్క మడపొల్లం అన్నారు. ఇప్పటికీ ఇంగ్లీషు డిక్షనరీలో ఆ మాటుంది, మెత్తటి నూలుగుడ్డ అని."

ఈ సంగతి నాకు తెలియనిది కాదు. ఏటా ఎనిమిదో క్లాసుకి చెప్పిందే. కానీ నెలరోజులుగా వలెట్టాలో తిరుగుతుండడం వల్ల గుర్తు రాలేదు.

"మరి ఆ పాత ఊరేదండీ?" అడిగిందొక లేసు అమ్మాయి.

"చాలామటుకు గోదారి తినేసిందమ్మా. మనం కూచున్నది దాని నెత్తినేనేమో."

అందరం ఒకసారి పంటు కిందికి తొంగి చూశాం. బురదనీళ్ళలో ఒక ఎండ్రకాయ పక్కకి నడుచుకుంటూ పోతోంది. మా ఓడ కాగితాల ప్రకారం ఒక్కో చారిత్రక రేవులో ఆరేసి గంటలు హాల్టు. ఇక్కడ మాకు రెండున్నర గంటలు ఉచితంగా ఇచ్చారు.

అక్కడితో ఆపేసి ఉంటే గౌరవంగా ఇల్లు చేరేవాణ్ణి. చీకటి పడింది, దోమలు వచ్చాయి, పొట్లాలు ఖాళీ అయ్యాయి. శ్రోతలు జారిపోతున్నారని భయమేసి భద్రత గురించి ఎత్తుకున్నాను. పెద్ద ఓడల్లో ప్రయాణికులందరికీ మొదట్లోనే డ్రిల్లు చేయిస్తారనీ, లైఫ్ జాకెట్టు ఎలా కట్టుకోవాలో, ఎక్కడ గుమిగూడాలో చూపిస్తారనీ చెప్పాను. "ప్రమాదం వస్తే సైరను మోగుతుంది. ఏడు పొట్టి కూతలు, ఆ వెనక ఒక పొడుగు కూత. ప్రపంచంలో ఏ ఓడైనా ఇదే గుర్తు."

"ఎలాగండీ, ఇలాగా?" అన్నాడు సరంగు దగ్గరుండే కుర్రాడు. ఏడుసార్లు పొట్టిగా, ఒకసారి పొడుగ్గా, చాలా శుద్ధంగా హారను కొట్టాడు.

రాత్రిపూట గోదారి మీద చప్పుడు ఎంత దూరం పోతుందో ఒడ్డున పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఏడు పొట్టివి ఒక పొడుగుది అంటే ఏమిటో ఆ రెండు ఒడ్లలో ఎవరికీ తెలియదు. కానీ పంటు చీకట్లో నది నడిమధ్య అన్నిసార్లు అరిచిందంటే దాని అర్థం ఎవరికి తెలియదు? ముందు సఖినేటిపల్లి వైపు టార్చిలైట్లు కదిలాయి. తర్వాత నరసాపురం వైపు కదిలాయి. కేకలు మొదలయ్యాయి. నా జేబులో ఫోను మోగింది. పాలకేంద్రం అతను.

"మాస్టారూ, ఉన్నారాండీ?"

"ఉన్నానయ్యా."

"ఇక్కడ లేరంటన్నారండి."

పావుగంటలో అరడజను చేపల పడవలు మా చుట్టూ చేరాయి. వాళ్ళు చెమటలు కక్కుతూ తెడ్లేసి వచ్చారు. ఇక్కడ చూస్తే ఒకాయన గురకపెట్టి నిద్రపోతున్నాడు, ఆవు నెమరు వేస్తోంది, ఆడవాళ్ళు లేసు అల్లుకుంటున్నారు. "ఎవడ్రా హారను కొట్టింది?" అన్నాడు వాళ్ళలో పెద్దాయన. కుర్రాడు నావైపు చూశాడు. కోటు చూసి ఆయన కొంచెం తగ్గాడు. ప్లీడరు ఉపయోగం అప్పుడు అర్థమైంది.

ఇంత శ్రమపడి వచ్చినవాళ్ళని ఖాళీగా పంపడం మర్యాద కాదనిపించింది. పైగా శాంటోరినిలో కూడా ఇంతే. పెద్ద ఓడ ఒడ్డుదాకా రాదు, చిన్న పడవలొచ్చి జనాన్ని దించుతాయి, అక్కణ్ణుంచి కొండమీదికి కేబుల్ కారో గాడిదో మెట్లో ఎవరిష్టం వాళ్ళది. ఆ చిన్న పడవని టెండర్ అంటారు. ఇదంతా చెబుతూనే ఒక కాలు పడవలో పెట్టాను. "రా, టెండర్ ఎక్కు" అన్నాను మా ఆవిడతో.

"మీరు పదండి. ఈ అమ్మాయి నాకు పువ్వు అల్లిక నేర్పుతోంది" అంది, తల ఎత్తకుండా.

రెండో కాలు పడవలో కాక గోదాట్లో పెట్టాను. కొత్త బూటు ఒకటి మాధవాయిపాలెం పాతరేవుకి సమర్పణ అయింది. ఎలాగో లాగి పడవలో కూలేశారు. వలల మీద, రెండు బుట్టల రొయ్యల మధ్య, కోటుతో.

మేము సగం దూరం కూడా పోలేదు, వెనక ఇంజను చప్పుడు వినిపించింది. పోటు సరంగు చెప్పినదానికంటే ముందే వచ్చింది. పంటు ఇసుక మీంచి లేచి, లైట్లు వేసుకుని, రాజహంసలాగా మా పక్కనుంచే వెళ్ళిపోతోంది. దాని అలకి మా పడవ ఊగింది. రొయ్యల బుట్టలో నీళ్ళు నా ఒళ్ళో పడ్డాయి.

తల ఎత్తి చూశాను. పైన మా ఆవిడ చెంగు తలచుట్టూ కప్పుకుని, ఒక చేత్తో రెయిలింగు పట్టుకుని, రెండో చేత్తో లేసు ముక్క ఊపుతోంది.

"ఏవండీ! ఆటో ఆపి ఉంచుతాన్లెండి, మెల్లిగా రండి!"