వాల్టా చట్టం వారి దివ్య సముఖానికి

మహారాజశ్రీ నీరు, భూమి, చెట్ల చట్టం వారికి,

అనంతపురం జిల్లాలో మూడు ఎండిన బోర్లకూ, కొనప్రాణంతో ఉన్న నాలుగో బోరుకూ యజమానినైన నేను నమస్కరించి రాసుకునే విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమమని రాయడం ఉత్తరాల మర్యాద కనుక రాస్తున్నాను. తమరి క్షేమ సమాచారం మాత్రం ఏటా మామిడికాయలు మార్కెట్టుకు వచ్చే రోజుల్లో పత్రికల జిల్లా పేజీల్లో చదువుతూనే ఉన్నాను. ‘వాల్టాకు తూట్లు’ అని శీర్షిక పెట్టి, పక్కన బోరు బండి బొమ్మ వేస్తారు. ఏటా అదే శీర్షిక, బహుశా అదే బొమ్మ. ఇన్ని తూట్లు పడ్డాక కూడా తమరు నిలబడి ఉన్నారంటే, తమరిది మా ఊరి భూమికంటే గట్టి శరీరమని ఒప్పుకోవాలి.

తమరు 2002 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చారు. దానికి రెండేళ్ల ముందు ‘నీరు-మీరు’ అంటూ ఊరూరా ఇంకుడు గుంతలు తవ్వించిన ప్రభుత్వమే తమరినీ కన్నది. తమరు పుట్టిన రెండు నెలలకు వచ్చిన నైరుతి, దేశం మొత్తం మీద 19 శాతం లోటుతో ముగిసింది. జూలైలో అయితే దాదాపు సగం వానను ఎగవేసింది. కరవును అదుపు చేయడానికి పుట్టిన బిడ్డకు కరవే పురుడు పోసిందన్నమాట. ఇంతటి ముహూర్తబలం మరే చట్టానికీ లేదని ఆనాడు మేము మురిసిపోయాము. 2014లో రాష్ట్రం రెండైనప్పుడు తమరు రెండు చోట్లా కాపురం పెట్టారు. కృష్ణా నీళ్ల కోసం ఈ రెండు రాష్ట్రాలూ ఎంతగా తగవులాడుకున్నా, వాల్టా నాకంటే నాకని ఎవరూ పంతం పట్టినట్టు నేను వినలేదు.

కాగితం మీద తమరి బలగాన్ని చూస్తే ఎవరికైనా గుండె జారుతుంది. రాష్ట్రానికొక ప్రాధికార సంస్థ, జిల్లాకొకటి, మండలానికొకటి ఉన్నాయి. బావి తవ్వాలన్నా బోరు వేయాలన్నా తమరి అనుమతి కావాలి. బోరు బండి సైతం తమ వద్ద పేరు నమోదు చేయించుకోవాలి. ఊరందరూ తాగే నీటి వనరుకు 250 మీటర్ల లోపల ఎవరూ కొత్త బోరు వేయరాదు. నీటిని అతిగా తోడేసిన ప్రాంతాలను గుర్తించి ప్రకటించే అధికారం, అక్కడ కొత్త తవ్వకాలను ఆపే అధికారం కూడా తమవే. ఇన్ని అధికారాలున్న తమరికి లేనిదల్లా రాత్రిపూట మెలకువ ఒక్కటే.

ఎందుకంటే మా ప్రాంతంలో బోరు రాత్రిపూటే పడుతుంది. తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి వచ్చిన బోరు బండి పగలంతా చింతచెట్టు కింద విశ్రాంతి తీసుకుని, ఊరు పడుకున్నాక చేనులోకి దిగుతుంది. నా మూడో బోరు కథ మనవి చేస్తాను. పాయింటు చూసిన పెద్దమనిషి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగాడు. అది నిక్కి నిలబడిన చోట సున్నం గీశాడు. భూగర్భ జల శాఖ వారి సర్వే కోసం నేను అర్జీ పెట్టుకోలేదని తమరు అనుకోవద్దు. పెట్టుకున్నాను. ఒక కార్యాలయంలో ఆ కాగితం ఈనాటికీ భద్రంగా ఉన్నదనే నా నమ్మకం. కానీ చీనీ (బత్తాయి) చెట్లు ఆకు ముడుచుకుంటున్నప్పుడు అర్జీకి ఉన్నంత ఓపిక మనిషికి ఉండదు. మూడు వందల అడుగుల దాకా దుమ్మే లేచింది. అక్కడి నుంచి అడుగు ధర పెరుగుతుందని బండివాడు చెప్పినా, “ఇంకో వంద వెయ్యి” అని చెప్పింది నేనే. ఎనిమిది వందల అడుగుల దగ్గర తడి మట్టి కనిపిస్తే మా ఆవిడ దండం పెట్టింది. తెల్లవారేసరికి ఆ తడీ ఆరిపోయింది. కేసింగు పైపు తీసి అమ్ముకుని, గొంతుకు బండరాయి మూసి ఇంటికి వచ్చాము. అనుమతి లేకుండా వేసిన బోరు కాబట్టి నేను తమరి దోషినే. కాకపోతే ఆ నేరంలో తమరికి ఒక్క చుక్క కూడా నష్టం కలగలేదని మనవి.

మా కింద ఉన్నది గట్టి గ్రానైటు. పైనున్న మొరంలోనూ రాతి పగుళ్లలోనూ దాగిన నీరే మా ఆస్తి. అది తరిగిపోయాక వెయ్యి అడుగులు దిగినా అదృష్టం ఉంటే తప్ప నీళ్లు దొరకవు. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మాది. ఆ వాన కూడా ఇప్పుడు పద్ధతిగా రావడం లేదు. శనక్కాయ ఊడ దిగే వేళకు మొహం చాటేసి, కోత నాటికి ఒక్కరాత్రిలో కుమ్మరిస్తుంది. 2021 నవంబరులో రాయలసీమను ముంచిన వానలకు చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్టే తెగిపోయింది. కరవు ప్రాంతపు చట్టానికి వరద గురించి కూడా కొంత తెలిసి ఉండాలని ఆ సంవత్సరం మాకు అర్థమైంది. తమరికి ఇంకా ఆ వర్తమానం అందినట్టు లేదు.

అన్యాయం చేయకూడదు కనుక తమరి కష్టాలు కూడా చెప్పుకోవాలి. తమరి ఇంట్లోనే ఒక ముసలాయన ఉన్నాడు. 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ఆయన పేరు. తన పొలం కింద, ఏ నిర్దిష్టమైన కాలువగానూ పారని నీటిని తోడుకునే హక్కు ఆ పొలం యజమానిదేనని ఆయన రాసిపెట్టి వెళ్లాడు. నూట ఇరవై ఏళ్ల తరువాత పుట్టిన తమరు “ఆ నీరు అందరిదీ, అడిగి తోడుకోండి” అంటే ఎవరు వింటారు? నా చేను కింది నీరు గట్టు దగ్గర ఆగి, పక్క చేనివాడి పాసుపుస్తకం చూసి వెనక్కి తిరగదని నాకూ తెలుసు. అయినా హక్కు అనగానే నేనూ తాతగారి పక్షమే. భూమి ఉన్న మా వాళ్లందరూ ఆ పక్షమే. భూమి లేనివాళ్లకు ఈ తగాదాలో పక్షం లేదు, నీళ్లు కూడా లేవు.

ఇక తమరి సవతి సంగతి. 2004 మేలో కొత్త ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకారం చేస్తూ వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు మీద మొదటి సంతకం పెట్టారు. ఆ సంతకం మాకు ప్రాణం పోసిందన్న మాట అబద్ధం కాదు. దాన్ని తీసేస్తామన్నవాడిని మేమే ఊళ్లోకి రానివ్వము. అయితే ఆ రోజు నుంచి తమరు “తోడవద్దు” అని చెబుతున్న ఇంట్లోనే ఆమె “తోడుకో నాయనా, లెక్కలేదు” అని చెబుతూ వస్తున్నది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి ఇరవై నాలుగు గంటలూ కరెంటు ఇచ్చారు. అంతకు ముందే, మోటార్లు వాటంతటవే తిరిగి బోర్లు అడుగంటుతాయని భయపడి, ఆటో స్టార్టర్లు పీకేయండని రైతులను బతిమాలారు. నీటి లెక్క చూడవలసిన భారం ఆ విధంగా ఒక ఇనుప డబ్బా మీద పడింది. అందులో తమరి ప్రస్తావన ఎక్కడా వినిపించలేదు.

మా వైపు 2020 సెప్టెంబరు 28న జలకళ అనే పథకం వచ్చింది. రెండు లక్షల బోర్లు, 2,340 కోట్ల రూపాయలు, అంతా ఉచితం. ముందుగా సర్వే చేయాలన్నారు, అతిగా తోడిన గ్రామాలను మినహాయించారు. ఆ మేరకు తమరి పరువు దక్కింది. కానీ ఒక చేత్తో అనుమతి పుస్తకం, ఇంకో చేత్తో బోరు బండి తాళాలు పట్టుకున్న ప్రభుత్వాన్ని చూసినప్పుడు, ఏ చేతికి దండం పెట్టాలో మాకు తెలియలేదు. తమరిని చేసిన పార్టీ, తమరిని మరిచిన పార్టీ, తమరిని దాటి బోర్లు వేసిన పార్టీ వేరు వేరు కావచ్చు. ఓటు అడిగేటప్పుడు తమరి పేరు ఎత్తకూడదన్న విషయంలో మాత్రం వారందరిదీ ఒకే మాట.

చెట్ల విషయంలో తమరికి ఇంకా చలాకీతనం ఉన్నదని ఒప్పుకుంటాను. గాలివానకు మా పెదనాన్న పెరటి వేపచెట్టు పశువుల కొట్టం మీదికి ఒరిగితే, కొట్టడానికి అనుమతి కావాలన్నారు. ఆయన మూడుసార్లు మండల కేంద్రానికి తిరిగాడు. నాలుగోసారి వెళ్లే అవసరం లేకుండా చెట్టే దయతలచి పడిపోయింది. అదే కాలంలో చిత్రావతిలో ఇసుక ట్రాక్టర్లు రాత్రీ పగలూ తిరిగేవి. ఏటి ఇసుక వాన నీటిని పట్టి ఉంచే చెరువులాంటిది, అది పోతే చుట్టుపక్కల బావులు ఒట్టిపోతాయి. భూగర్భ జలాలను కాపాడడానికి ఇసుక తవ్వకాన్ని అదుపు చేసే అధికారం తమరి లోపల రాసి ఉన్నది కదా! వేపచెట్టు దగ్గర కనిపించిన ఆ చూపు ఏటి ఒడ్డున మందగించడానికి కారణం నేను ఊహించగలను. వేపచెట్టుకు ట్రాక్టర్లు లేవు.

ఇంతకీ అసలు మనవి ఇది. తమరి చూపంతా బోరు గొయ్యి మీదే ఉంటున్నది. ఆ గొయ్యిలోంచి వచ్చిన రెండించుల నీరు వరికి పోతున్నదా, కొర్రకు పోతున్నదా, కందికి పోతున్నదా అని అడిగిన అధికారి ఈ ఇరవై ఏళ్లలో మా గట్టు మీదికి రాలేదు. తమరు పసిబిడ్డగా ఉన్న రోజుల్లోనే, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో, అనంతపురం, మహబూబ్‌నగర్, నల్గొండతో సహా ఏడు కరవు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాల లెక్క చూసుకునే పని ఒకటి నడిచింది. వానను కొలిచే గిన్నె, బోరులో నీటిమట్టం కొలిచే తీగ, ఒక నోటుపుస్తకం ఇచ్చారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని ఎంత వాన ఇంకింది, ఎంత తోడాము, ఎంత మిగిలింది, అందరూ వేయదలచిన పంటలకు ఎంత కావాలి అని గోడ మీద రాసుకునేవారు. లోటు వస్తే వరి మానమని ఎవరూ శాసించలేదు. ఆ అంకె ముందు నిలబడి నాలుగెకరాల వరి వేస్తానని చెప్పడానికి మనిషికి నోరు రాదు, అంతే. అక్కడ తహశీల్దారు లేడు, జరిమానా లేదు. అయినా వరి వేసే చోట పప్పుధాన్యాలు వేసుకున్నవాళ్లు ఉన్నారు. ఆ పని ప్రాజెక్టు గడువుతో ముగిసింది. తమరికి మాత్రం గడువు లేదు. తమరి నియమాల్లో ఎక్కడైనా ఒక మూల ఆ నోటుపుస్తకానికి చోటిచ్చి, ఊరు కూర్చుని వేసుకున్న లెక్కకు చట్టబలం కల్పించి, ఆ లెక్క ప్రకారం బోరు పంచుకున్నవాడికే డ్రిప్పు సబ్సిడీ ముందుగా అందేలా చేయగలరా అని అడుగుతున్నాను. ఒంటరిగా బోరు వేసి మునిగిపోవడంలో మాకు కావలసినంత అనుభవం ఉన్నది. కలిసి పంచుకోవడానికే ఒక కాగితం ఆసరా కావాలి.

జవాబు రాయదలచుకుంటే ఉదయం పూట మాత్రం పంపవద్దు. మూడు ఫేజుల కరెంటు ఉన్న వేళల్లో నేను ఇంట్లో ఉండను.

చిత్తగించవలెను.

తా.క.: ఈ ఉత్తరం మడిచేలోపు ఊరి తాగునీటి బోరు పక్క చేనులో దుమ్ము లేస్తున్నట్టు కబురు వచ్చింది. 250 మీటర్లు కొలవడానికి నా దగ్గర టేపు లేక నడిచి చూశాను. నూట పది అడుగులేసేసరికి బండి చక్రం తగిలింది. డ్రైవరు మర్యాదస్తుడు, టీ తాగుతారా అని అడిగాడు. నా ఐదో బోరుకు అడుగు ధర ఎంత చేస్తావని నేనూ అడిగి వచ్చాను.