తిరిగే సీటు గారికి తిరుగుటపాలో

మహారాజశ్రీ తిరిగే సీటు గారి సముఖానికి,

నమస్కారాలు. వంటా పడకా అన్నీ ఉన్న మా వ్యానులో డ్రైవరు సీటు ముందుకీ వెనక్కీ తిరిగేలా చేయడానికి తమరిని తెప్పించుకున్నప్పుడు, అట్టపెట్టెలో తమరితో పాటు వచ్చిన ఒంటిపేజీ కాగితానికి జవాబు రాయడంలో ఐదు నెలలు ఆలస్యమైంది, మన్నించాలి. "ఇంట్లో ఉండే పనిముట్లతో గంటలోపు బిగించుకోవచ్చు, ఆపైన ఒంటిచేత్తో తిప్పుకోవచ్చు" అని అందులో సెలవిచ్చారు. ఆ ఒంటిచెయ్యి ఎవరిదో కూడా రాసి ఉంటే వెళ్లి దండం పెట్టుకుని వచ్చేవాణ్ని.

జవాబు ఇప్పుడే ఎందుకు గుర్తొచ్చిందని తమరు అడగరు గానీ, నేనే చెబుతాను. మొన్న ఆగస్టు బ్యాంకు సెలవుల ఆదివారం, ఇంగ్లండులోని బారోడేల్ లోయలో, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగున్నర దాకా తమరు సగం తిరిగి ఆగిపోయారు. ముందుకు తిరిగి ఉంటే వ్యాను నడుపుకునేవాళ్లం. వెనక్కి తిరిగి ఉంటే భోజనానికి కూర్చునేవాళ్లం. తమరు తలుపు వైపు ముఖం పెట్టి అలకపాన్పు ఎక్కిన కొత్తల్లుడిలా బిగుసుకుపోయారు. అల్లుడికైనా స్కూటరు కొనిస్తానంటే దిగుతాడు. తమరికి ఏమి కొనివ్వాలో కాగితంలో లేదు.

బిగింపు ముచ్చట క్లుప్తంగా. వ్యానుకు సీటు మార్చుకున్నవాళ్లందరికీ అది కంఠోపాఠమే. బ్యాటరీ వైరు తీసేసి, ఎయిర్‌బ్యాగుకు కోపం చల్లారేదాకా పది నిమిషాలు ఆగి, సీటు కింది పసుపు ప్లగ్గును ఊపిరి బిగపట్టి లాగాను. బియ్యం బస్తా అంత బరువున్న సీటును నేనూ మా బావమరిదీ మోసుకెళ్లి పచ్చిక మీద పెట్టాం. ఆ ఖాళీలో తమరిని కూర్చోబెట్టాం. తమరంటే ఏమిటి? రెండు ఇనుప పలకలు, మధ్యన ఒక ఉంగరం, పక్కన ఒక మీట. మా అమ్మమ్మ ఇంటి తిరగలి కూడా రెండు రాళ్లే. అది ఏ కాగితమూ ఇవ్వకుండా యాభై ఏళ్లు తిరిగింది.

కింది పలక బోల్టులు కనబడాలంటే పై పలకను తిప్పాలి. పై పలక తిరగాలంటే కింది పలక బిగిసి ఉండాలి. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు. బావమరిది రెండు బోల్టులు తలకిందులుగా బిగించేశాడు. వాటి తలలు పై పలకకు రాసుకుని గీరుకుపోయాయి. అన్నీ ఊడదీసి మళ్లీ మొదలుపెట్టాం. శనివారం పొద్దున ఎత్తుకున్న "గంటలోపు" పని ఆదివారం టిఫిను వేళకు తీరింది.

తమరి రాకతో సీటు ఐదు సెంటీమీటర్లు లేచింది. అప్పటి నుంచి మా ఆవిడ క్లచ్ తొక్కాలంటే సీటు అంచుదాకా జారాలి, నేను గతుకు దాటాలంటే తల వంచాలి. డ్యాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగు దీపం ఒకటి వెలిగింది. ఆ దీపం వెలుగుతుంటే ఇక్కడి ఏటా జరిగే ఎంఓటీ పరీక్షలో బండి తప్పుతుంది కాబట్టి, దాన్ని ఆర్పించడానికి మరో అరపూట, మరో బిల్లు. ప్రతి గుంటలోనూ తమరు చేసే కటకట శబ్దాన్ని మా అబ్బాయి తాళంగా పెట్టుకుని పాటలు పాడతాడు. ధ్రువపత్రం మాత్రం ఘనంగా ఉంది. బెల్టు పట్టు గురించి ఐక్యరాజ్యసమితి వారి 14వ నిబంధన, సీటు బలం గురించి 17వ నిబంధన. బండి ఎక్కడైనా గుద్దుకున్నా తమరు ఊడిరారట. నమ్ముతాను. ఊడదీద్దామన్నా రాలేదు కదా.

ఇవన్నీ కడుపులో పెట్టుకుంటాను. హ్యాండ్‌బ్రేకు ఒక్కటి పట్టడం లేదు.

మా వ్యానులో హ్యాండ్‌బ్రేకు డ్రైవరు సీటుకు ఎడమ పక్కన, కింద ఉంటుంది. వేస్తే నిటారుగా లేస్తుంది. లేస్తే తమరు తిరిగేటప్పుడు తమరి మూలకు అడ్డం వస్తుంది. కనుక తిప్పే ముందు దాన్ని దించాలి. అంటే మనిషి కాళ్లు చాపుకుని విశ్రాంతిగా కూర్చోవాలంటే ముందు బండికి బ్రేకు తీసేయాలి. నేను ఈ వాక్యాన్ని ఐదు నెలలుగా నెమరేస్తున్నాను, ఇప్పటికీ మింగుడుపడలేదు. పడుకోబోయే ముందు వీధి తలుపు బార్లా తీసిపెట్టమని చెప్పే మంచాన్ని ఎవరైనా కొంటారా? నేను కొన్నాను. రెండు వందల పౌండ్లకు పైగా పోసి, తపాలా ఖర్చు కూడా పెట్టుకుని కొన్నాను.

మొదటిసారి వేల్స్‌లో, బాలా సరస్సు ఒడ్డున. నేల వాలుగా ఉందని వెనక చక్రాల కింద పసుపు ర్యాంపులు పెట్టి వ్యానును సమం చేశాను. నీళ్ల మట్టం చూసే గొట్టం పెట్టి మరీ చూసుకుని మురిసిపోయాను. తరువాత తమరిని తిప్పుదామని హ్యాండ్‌బ్రేకు దించాను. వ్యాను ఒక్క క్షణం ఆలోచించి, ర్యాంపు మీద నుంచి ధబ్బున దిగింది. పొయ్యి మీద ఉన్న చారు కూడా దిగింది. గేరులో పెట్టుకోవాలి కదా అనే పెద్దమనుషులకు మనవి: ఆ సంగతి చారు పోయాక నాకూ తెలిసింది.

ఆనాటి నుంచి ఒక పూజావిధానం ఏర్పడింది. మొదటి గేరు వేయాలి. నల్లమల ఘాట్‌లో లారీ క్లీనరు రాయి పట్టుకుని దూకినట్టు దూకి, చక్రాలకు రెండు చెక్క దిమ్మలు అడ్డం పెట్టాలి. స్టీరింగు పైకెత్తాలి, సీటు వీపు నిలబెట్టాలి. డ్రైవరు తలుపు తీయాలి, ఎందుకంటే తలుపు మూసి ఉంటే తమరి మోకాళ్లకు చోటు చాలదు. సీటు ముందుకు జరిపి, కొంచెం తిప్పి, వెనక్కి జరిపి, మళ్లీ తిప్పాలి. ఇదంతా లోపల కూర్చుని చేయడానికి లేదు, తమరి మీద ఎవరూ ఉండకూడదు కనుక బయట తలుపు దగ్గర నిలబడి చేయాలి. వానలో తడవకుండా లోపల ముచ్చటగా కూర్చోవడం కోసం ముందు వానలో నిలబడి తడవాలన్నమాట.

వానంటే ఏ వాన? బారోడేల్‌లోని సీత్‌వెయిట్ ఇంగ్లండులో జనావాసాలన్నింటిలోకీ ఎక్కువ వాన పడే చోటు. ఏడాదికి సుమారు 3,500 మిల్లీమీటర్లు. మా అనంతపురంలో 550. మా ఊరు ఆరేళ్లు దేవుడి కేసి చూసి సంపాదించుకునే వానను ఆ లోయ ఒక్క ఏడాదిలో ఖర్చు పెట్టేస్తుంది. ఆ ఖర్చులో ఎక్కువ భాగం ఆ ఆదివారం నా వీపు మీదే జరిగింది.

అసలు కథకు వస్తాను. అన్నం ఉడికింది, పప్పుకు తాలింపు పడింది. ఆరు నెలల వీసా మీద వచ్చిన మా అమ్మ "అందరం ఎదురెదురుగా కూర్చుని తిందాంరా" అన్నది. నేను వానలోకి దిగి విధి ప్రకారం అంతా చేశాను. తమరు సరిగ్గా సగం తిరిగారు. అంతలో వ్యాను కాస్త సర్దుకుని దిమ్మల మీదకు బెత్తెడు వాలింది. బెత్తెడే. కానీ చారు పోయిన నాటి నుంచి మా అబ్బాయికి నేనే నూరిపోశాను, "బండి కదిలితే ముందు హ్యాండ్‌బ్రేకు లాగు" అని. పదేళ్లవాడు, తండ్రి మాట జవదాటని వాడు, రెండు చేతులతో లాగేశాడు.

అది లేచి తమరి చట్రం కింద ఇరుక్కుంది.

హ్యాండ్‌బ్రేకు దించాలంటే ముందు దాన్ని కొంచెం పైకి లాగి, అప్పుడు బొత్తాం నొక్కాలి. పైకి లాగడానికి వేలెడు సందు లేదు, పైన నువ్వున్నావు. నువ్వు కదలాలంటే అది దిగాలి. అది దిగాలంటే నువ్వు కదలాలి. నువ్వు దాన్ని వదలవు, అది నిన్ను వదలదు. ఇక్కడి నుంచి నీకు గారూ లేదు, గారెలూ లేవు. ఇద్దరూ కలిసి నా ఆదివారాన్ని నమిలి మింగారు. సిగ్గు లేదూ? బండి అంతటికీ ఒక్క హ్యాండ్‌బ్రేకు, దానితో సఖ్యంగా ఉండలేని సీటువి, నీకు పెట్టెలో ధ్రువపత్రం ఒకటా?

తలుపు మూద్దామంటే నీ మోకాలు బయటకు పొడుచుకొచ్చింది. తలుపు మూసుకోదు. వాన ఏటవాలుగా లోపలికి. మా ఆవిడ గొడుగు విప్పి తలుపు సందుకు అడ్డం పట్టుకుంది. సీటును పట్టాల మీద వెనక్కి లాగి చూశాను, తలుపు స్తంభానికి తగిలింది. అట్లకాడ దూర్చి హ్యాండ్‌బ్రేకును నొక్కాను, అట్లకాడ వంగింది. అమ్మ కొబ్బరినూనె సీసా అందించింది. "మన ఊళ్లో సెలూను కుర్చీ ఒక్క వేలితో గిర్రున తిరిగేది కదరా, మీ నాన్న గడ్డం చేయించుకోవడానికి పోతే నువ్వు దాని మీదే ఆడుకునేవాడివి" అని గుర్తు చేసింది. ఆమెకు నన్ను బాధపెట్టే ఉద్దేశం లేదు. నూనె నీ ఉంగరం నిండా పోశాను. ఇప్పుడు నువ్వు తిరగవు, పైగా జారతావు.

నిన్ను ఊడదీసే నక్షత్రం తల బోల్టుల తాళంచెవి ఎక్కడుంది? ఇంట్లో, షెడ్డులో, "మళ్లీ అవసరం పడదు" అని నేను భద్రంగా దాచిన డబ్బాలో. రెండున్నరకు నిలబడే తిన్నాం. ఎదురెదురుగా కూర్చోవలసినవాళ్లం ఒకరి వీపు ఒకరు చూస్తూ తిన్నాం. మా ఆవిడ ఎడమచేత్తో గొడుగు, కుడిచేత్తో ముద్ద. "ఏమండీ, మడత కుర్చీలు నాలుగు కొంటే ఎంతయ్యేది?" అని అడిగింది. జవాబు చెప్పలేదు. ఎంతయ్యేదో నాకు తెలుసు.

నాలుగు గంటలప్పుడు పక్క వ్యాను పెద్దాయన వానకోటు వేసుకుని, చేతిలో టీ కప్పుతో వచ్చాడు. తొంగి చూసి "ఓహో, హ్యాండ్‌బ్రేకా" అన్నాడు, ఈ దేశంలో వాన గురించి మాట్లాడినంత మామూలుగా. వెళ్లి నక్షత్రాల తాళంచెవుల పెట్టె తెచ్చాడు. సీటును నీ పై పలకకు పట్టి ఉంచిన బోల్టులు వదులు చేసి, సీటును అంగుళం పైకెత్తి పట్టుకున్నాడు. నేను హ్యాండ్‌బ్రేకు లాగి, నొక్కి, దించాను. పావుగంట కూడా పట్టలేదు. కృతజ్ఞతగా కాసిని జంతికలు పెట్టి, మీ వ్యానుకు కూడా ఇలాంటి సీటుందా అని అడిగాను.

"ఉంది. తిప్పడం మానేసి పదకొండేళ్లయింది" అన్నాడు.

ఆ ముక్క విన్నాక నేనూ నిన్ను ముందుకు తిప్పి బిగించి వదిలేయవలసింది. తడిసిన మొండితనం. బోల్టులన్నీ బిగించి, వెనక్కే తిప్పాను. టక్కున పడింది పిన్ను, ఏమీ ఎరగనట్టు.

అమ్మ ఎక్కి కూర్చుంది. నువ్వు పెంచిన ఆ ఐదు సెంటీమీటర్ల పుణ్యమా అని ఆమె కాళ్లు నేలకు అందలేదు. నేను పీట వెతికేలోపే కాళ్లు రెండూ పైకి లాక్కుని బాసింపట్టు వేసుకుంది. చీర చెంగు సర్దుకుని, చేతులు పెట్టుకునే దిండ్ల మీద మోచేతులు ఆనించి, ఒళ్లో చిక్కుడుకాయల చిల్లుగిన్నె పెట్టుకుని ఈనెలు తీయడం మొదలుపెట్టింది. వాన తగ్గింది. పక్క తలుపులోంచి తడిసిన కొండా, గొర్రెలూ కనబడుతున్నాయి. మనవడు ఎదురు సీటులో, కోడలు పొయ్యి దగ్గర. అందరూ ఆమె కంటి ముందే ఉన్నారు. "మన అరుగు మీద కూర్చున్నట్టే ఉందిరా" అన్నది. ఈనెలు మాత్రం అలవాటు కొద్దీ వీధిలోకి విసిరినట్టు తలుపులోంచి బయటకు విసిరింది. వెళ్లి ఏరుకొచ్చాను.

ఈ ఒక్క కారణంగా నిన్ను అమ్మకానికి పెడదామనుకున్న ప్రకటన ఫోనులోనే ఆగిపోయింది. పొంగిపోకు. చెరిపేయలేదు, ఆపాను.

సోమవారం పదకొండింటికల్లా స్థలం ఖాళీ చేయాలి. పదింబావుకు అమ్మ టీ తాగి, నీ మీదే బాసింపట్టులోనే నిద్రపోయింది. లేపబుద్ధి కాలేదు. గేరు, దిమ్మలు, స్టీరింగు, తలుపు, హ్యాండ్‌బ్రేకు. మా అబ్బాయిని చేతులు కట్టుకుని దూరంగా నిలబడమన్నాను. నీ మీద ఎవరూ ఉండకూడదని కాగితంలో ఉంది, నాకు తెలుసు. అయినా మీట ఎత్తి నెమ్మదిగా నెట్టాను.

ఒక్క వేలితో తిరిగావు. చప్పుడు లేదు, గీరుడు లేదు. కొబ్బరినూనె మహిమో, అమ్మ బరువో, నా మీద కక్షో నాకు తెలియదు. పూర్తిగా ముందుకు వచ్చి, ఆమె మోకాలు స్టీరింగుకు బెత్తెడు దూరంలో ఉండగా టక్కున ఆగావు. ఆ టక్కుకు అమ్మ కళ్లు తెరిచింది. ఎదురుగా స్టీరింగు, అద్దం, అవతల రోడ్డు. కాసేపు అన్నీ చూసింది. బాసింపట్టు తీయకుండానే నా వైపు తిరిగి అడిగింది:

"ఏమిరా, బండి నేను తోలాలా?"

ఇట్లు,
తమ తలుపు దగ్గర తడిసినవాడు